డొల్ల సప్పుడు

బల్లార్‌పూర్ బాయిల ముప్పై ఒక్క ఏండ్లు
నాది చెవి పని.
కర్ర ఎత్తి పైకప్పును కొట్టుడు, వినుడు.
గట్టి బండ కంచులెక్క మోగుతది,
ఇడిసిన బండ పగిలిన కుండలెక్క డొల్లగ పలుకుతది.
డొల్ల ఇనబడ్డంక నోరు మూసుకున్నోడు
సర్దార్ గాదు, సంపినోడు.

ఓదెలు సర్దార్ చెవిని నమ్మి
నూటిరవై మంది లోపలికి దిగిండ్రు.
తెలుగోళ్ళు, మరాఠోళ్ళు, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినోళ్ళు.
బొగ్గుల అందరిదీ ఒకటే మొకం.

మా క్వార్టర్లకు ఒంటి ఇటుక గోడలు.
అవతల పోపు వేస్తే
ఇవతల మాకు ఆకలైతది.
ఆ గోడెనుక మొగిలి, పెండ్లాం రాజేశ్వరి.
జీతాల రాత్రి ముందుగాల గిన్నె సప్పుడు.
ఎనుక గాజులు.
ఆ ఎనుక ఏమీ ఉండదు,
అదే అన్నిటికన్నా డొల్ల.

నేను రేడియో పెంచేది.
నాగపూర్ నుంచి మరాఠీల సంత్రాల ధరలు.
నాకు చెట్టు లేదు, తోట లేదు,
సంత్రాల ధర నాకెందుకు?

పొద్దుగాల గజానన్ వాఢై హోటల్ల
షిఫ్టు దిగినోళ్ళం చాయ్ తాగుతుంటే
"రెండు తగిలిస్తే దారికొస్తది" అంటడొకడు.
అందరు నవ్వుతరు.
అండ్ల నా నవ్వు గూడ ఉన్నది,
లెక్కల నుంచి తీసేయను.

పోయిన ఆషాఢం, వానల,
గాజులు అయిపోయినయి.
నా చెయ్యి రేడియో మీదికి పోతాంటే
పోసవ్వ లేచి
బట్టలారేసే తీగెకు ఊతమైన నా పాత కర్ర తెచ్చి
నా చేతుల పెట్టింది.
ఒక్క మాట అనలే.

గోడను మూడుసార్లు కొట్టిన.
అవతల ఆగింది.
వానల తడుసుకుంట పోయి తలుపు కొట్టిన.
"చాయ్‌పత్తా ఉన్నదా మొగిలీ?"
రాత్రి పన్నెండింటికి!
వాడు నన్ను చూసిండు, కర్రను చూసిండు.
గడప మీద కూసున్న. తెల్లారేదాక లేవలే.
నీతులు చెప్పలే, నాకు రావు గూడ.
"రాజేశ్వరీ, ఏడికన్న పోవాల్నా బిడ్డా?"
"రాజురాల చెల్లె ఉన్నది."
గజానన్ ఆటో తెచ్చిండు,
పైసలు తీసుకోలే.

పదిరోజులకు మొగిలి వచ్చిండు.
"నడువు సర్దార్, నువ్వు చెప్తే వస్తది."
"నేను చెప్ప. అడుగుడు నీ పని,
వచ్చుడు, రాకపోవుడు ఆమె ఇష్టం."
పండ్లు కొరికిండు.
"నువ్వెన్నడు కొట్టలేదా?"

కొట్టిన.
ఎందుకో యాదికి లేదు.
ఆమెకు ఉంటది.
ఆ రోజు నుంచి పోసవ్వకు ఎడమ చెవి ఇనబడదు.
బండ మాట ఇన్న చెయ్యే
మనిషి చెవి పగలగొట్టింది.
ఈ సంగతి నూటిరవై మందిల
ఒక్కనికి గూడ చెప్పలే.
మొగిలికి చెప్పిన.
వాడు మాట్లాడలే. చెప్పుల దిక్కు చూసుకుంట పోయిండు.

రాజేశ్వరి ఇంకా రాజురాలనే ఉన్నది,
బీడీల కార్ఖానకు పోతున్నదట.
మొగిలి తాగుడు మానలే,
రెండుసార్లు పోయి బయట్నే నిలబడి వచ్చిండంటరు.
హోటల్ల ఆ మాట మళ్ళా వస్తే
గజానన్ చాయ్ పోసుడు ఆపుతడు.
నవ్వనోళ్ళం నలుగురం అయినం.
మిగిలినోళ్ళు నవ్వుతనే ఉన్నరు,
కాకపోతే ముందుగాల మా దిక్కు చూసి.

మొన్న రాత్రి కరెంటు పోయింది.
పోసవ్వ చింతపండు గింజ తీస్తాంది.
పక్కన కూసోని చెప్పిన,
ముప్పై ఏండ్ల ఎనుకటి తప్పు.
గొంతు ఒణికింది. ఆమె చెయ్యి ఆగలే.

అప్పుడు సోయికొచ్చింది
నేను కూసున్నది ఎడమ దిక్కు అని.
ఎన్నేండ్ల అలవాటో అది,
ఇనబడని దిక్కు చూసుకోని మాట్లాడుడు.

లేచిన.
చింతపండు దాటుకుంట
కుడి దిక్కుకు పోయి కూసున్న.
"ఏందట?" అన్నది పోసవ్వ.